గాల్లో ఆగిపోయిన మట్టి

"పన్నెండు కొట్టగానే వీడి మీద హత్యానేరం మోపుతున్నా," అన్నాడు వాల్టర్ రెనూఫ్. "నువ్వు అడగాల్సిందేదో ఈలోపు అడుక్కో, అమ్మాయ్."

"ఇన్‌స్పెక్టర్," అంది ఎస్టెల్ వోతియే.

"ఏదో ఒకటి."

ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న జెర్సీ దీవిలో చట్టం అంతే. శవం లేస్తే పట్నం నుంచి జీతం రాళ్ళ డిటెక్టివ్ వస్తుంది. బురద తొక్కుతుంది, రక్తం కొలుస్తుంది, సాక్షుల్ని పట్టుకుని పీకుతుంది. అంతా అయ్యాక నేరం మోపే హక్కు మాత్రం ఆమెది కాదు, ఆ పారిష్, అంటే ఆ చర్చి కింది ఊళ్ళ జనం ఎన్నుకున్న సెంటెనియర్‌ది. ఆయనకి జీతం లేదు, యూనిఫాం లేదు. ఉన్నదల్లా ఆ హక్కే. సాన్ మగ్ల్వార్ పారిష్‌లో ఆ హక్కు పదిహేనేళ్ళుగా రెనూఫ్ జేబులో ఉంది. పొలాలున్నవాడు, కూలీలకి కొంపలు అద్దెకిచ్చేవాడు, పెళ్ళిలోనూ చావులోనూ ముందు కుర్చీ తనదే అనుకునేవాడు.

పారిష్ హాల్లో బల్లకి అవతల దువార్తె కూర్చున్నాడు. పోర్చుగీసు దీవి మదీరా నుంచి బంగాళదుంపల పనికి వచ్చినవాడు. చొక్కా మీద రక్తం ఎండి అట్ట కట్టింది. అది హెల్యర్ ఆంకెటిల్ రక్తం. పొద్దున ఏడింటికి ఆ ముసలాయన తన పొలంలోనే తల వెనక బద్దలై పడి ఉంటే, చేతుల్లో ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది దువార్తె. ఎత్తుకొచ్చినందుకే దొరికిపోయాడు. వదిలేసి పారిపోయినవాణ్ణి ఎవరూ అడగరు.

"పొద్దున ఏం జరిగిందో చెప్పు," అంది ఎస్టెల్.

"కింది మడిలో దుంపలు తవ్వుతున్నా. పెద్దాయన పైనుంచి కేకేశాడు. వెళ్ళా. టోపీ తియ్యమన్నాడు. తీశా."

"ఎందుకు?"

దువార్తె చూపు రెనూఫ్ వైపు పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

"ప్రార్థన చేశాడు."

రెనూఫ్ పకపకా నవ్వాడు. "బంగాళదుంపల మళ్ళో ప్రార్థనా! ఆంకెటిల్ చర్చి గడప తొక్కి ఇరవై ఏళ్ళయిందిరా. అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పు."

"ఏ ప్రార్థన?" ఎస్టెల్ ఆ నవ్వుని పట్టించుకోలేదు.

"పరలోకమందున్న మా తండ్రీ. ఫ్రెంచిలో. మాటలు నాకు రావు, నడక తెలుసు కదా. మా అమ్మ చెప్పేదీ అదే నడక."

"దానికి ముందు?"

"అరిచాడు."

"ఏమని?"

మళ్ళీ ఆ చూపు. "తెలీదు."

"నువ్వు కాక ఇంకెవరున్నారు అక్కడ?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

రెనూఫ్ తొడ చరిచాడు. "అదీ! అచ్చమైన మా నార్మన్ జవాబు! అవునంటే కోర్టు పట్టుకుంటుంది, కాదంటే పొరుగువాడు పట్టుకుంటాడు. రెండు పంటలు తవ్వేసరికి వీడికి మా నాలుకే వచ్చేసింది చూశావా?"

ఎస్టెల్ చూసింది. నాలుక కాదు, భయం. దువార్తె పెళ్ళాం, చంటిది ఉండే గది రెనూఫ్‌ది. ఆ గది తాళంచెవి రెనూఫ్ గుత్తిలో, ఆ గుత్తి రెనూఫ్ నడుముకి.

"సెంటెనియర్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"ఇది నా హాలు. నువ్వు కూర్చో బయట."

"సాక్షి మీ ముందు నోరు విప్పడం లేదు."

"సాక్షి కాదు, హంతకుడు. చూడు వోతియే, నీకు అర్థం కాదులే. మీ అమ్మ ఫ్రాన్సు ఒడ్డు నుంచొచ్చిన బ్రెటన్ కూలీ. సంచీ నెత్తిన పెట్టుకుని పడవ దిగింది, నాకు గుర్తుంది. ఈ గడ్డ మీద వెయ్యేళ్ళ నుంచీ ఒక సంగతి ఉంది. నార్మన్ నార్మన్‌ని చంపడు. గొడవ పడతాడు, కోర్టుకెక్కుతాడు, తాతల నాటి పగ ముని మనవడికి రాసిచ్చి పోతాడు. చంపడు. చంపేవాడు బయటివాడే."

జాతి పేరు చెప్పి గట్టు జరుపుకునేవాళ్ళు ఏ దేశంలోనైనా ఈ పాటే పాడతారు. ఎస్టెల్‌కి అమ్మ సంచీ మాట కన్నా ఆ పాటే ఎక్కువ మండింది.

"నార్మన్ అంటే ఏమిటో?" అంది.

"నేను."

"పెద్దాయన అలా చెప్పలేదు," అన్నాడు దువార్తె.

ఇద్దరూ తల తిప్పారు. అడక్కుండా అతను మాట్లాడటం అదే మొదలు.

"చెప్పు," అంది ఎస్టెల్.

"ఆయన పొలంలో దిబ్బ మీద కూర్చుని నాకు చెప్పేవాడు. ఉత్తరాదివాడు అని అర్థమట. అదొక తిట్టట. ఉత్తరం నుంచి ఓడలొచ్చి దోచుకుపోతుంటే, ఈ ఒడ్డున చేపలు పట్టుకునే బీదవాళ్ళు గుండెలు బాదుకుంటూ అరిచిన మాటట. వచ్చారు, ఉత్తరాదివాళ్ళు వచ్చారు అని. తర్వాత ఆ దొంగల మనవలు ప్రభువులయ్యారు. తిట్టునే తీసి కిరీటంలో పొదుక్కున్నారు. నేనడిగా, మరిప్పుడు నార్మన్ ఎవరు పెద్దాయనా అని. రక్తం చూసి ఏం చెప్తావురా, దోచుకున్నవాడిదీ దోచుకోబడ్డవాడిదీ ఎప్పుడో కలిసిపోయింది అన్నాడు. ఆగమంటే ఆగేవాడు నార్మన్ అన్నాడు."

"ఆగమంటే ఆగేవాడా?"

"అలాగే అన్నాడు. నాకూ అర్థం కాలేదు."

రెనూఫ్ ఈసారి నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. "కథలు అయ్యాయా? పదిన్నర."

"అయ్యాయి," ఎస్టెల్ లేచింది. "పొలానికి పోదాం. దువార్తె కూడా వస్తాడు, నా కార్లో. మీరు రాకపోయినా ఫర్వాలేదు."

రాకుండా ఉంటాడా!

*

శవాన్ని రోడ్డు మీదనుంచే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పొలంలో ముసలాయన పడ్డచోట నేల నల్లగా ఉంది. దువార్తెని సార్జంట్ హామన్‌తో గేటు దగ్గర కారులోనే ఉంచి, ఎస్టెల్ ఒక్కతే వాలు ఎక్కింది. రెనూఫ్ వెనకే.

ఆంకెటిల్ పొలానికీ రెనూఫ్ పొలానికీ మధ్య మనిషెత్తు మట్టి గట్టు. ఆ గట్టుని ఆనుకుని, ఆంకెటిల్ వైపు, గడ్డి మొలిచిన దిబ్బ. దాని కింద ఓడలో వచ్చిన తొలి ఉత్తరాదివాళ్ళ సమాధి ఉందని ముసలాయన పట్టు. ఉందో లేదో ఎవరూ తవ్వి చూడలేదు. ఉందని తేలితే మాత్రం ఆ చుట్టుపక్కల ఇటుక మీద ఇటుక పెట్టనివ్వరు. రెనూఫ్ తన పొలంలో ఇళ్ళు కట్టబోతున్నాడు. ఈ రెండు సంగతులూ పారిష్‌లో పసిపిల్లకి కూడా తెలుసు.

గట్టుకి ఇప్పుడొక పెద్ద గండి. గండిలో పసుప్పచ్చ పొక్లెయిన్ నిలబడి ఉంది. దాని చెయ్యి గాల్లోకి చాచి ఉంది. ఆ చెయ్యి చివర బకెట్, నిండా మట్టితో, దిబ్బ మీద సరిగ్గా రక్తం మరక పైన వేలాడుతోంది.

"ఈ యంత్రం ఎవరిది?"

"అద్దెది. గట్టు బాగుచెయ్యడానికి నేనే తెప్పించా. డ్రైవరు నిన్న సాయంత్రం ఆపేసి ఇంటికెళ్ళాడు."

"ఇలాగా? బకెట్ నింపి, పైకెత్తి?"

"టీ వేళయిందేమో. నేనెక్కడ చూశా?"

ఎస్టెల్ కాలి వేళ్ళ మీద లేచి బకెట్ అంచున చెయ్యి పెట్టి పిడికెడు మట్టి తీసింది. పొడిగా వేళ్ళ మధ్యనుంచి రాలింది. అందులో గడ్డి వేళ్ళు ఇంకా తెల్లగా, వాడకుండా ఉన్నాయి.

"రాత్రంతా వాన పడింది సెంటెనియర్. తెల్లారాకే తగ్గింది. ఈ మట్టి గట్టు పొట్ట లోపలిది, వాన ముఖం చూడలేదు. ఇవాళ పొద్దున తవ్విందే."

"అయితే డ్రైవరు పొద్దున్నే వచ్చుంటాడు."

"ఇందాక ఇంటికెళ్ళాడన్నారు."

"వెళ్ళుండొచ్చు. వచ్చుండొచ్చు."

ఎస్టెల్ చేతి మట్టి దులుపుకుని యంత్రాన్ని చూసింది. యంత్రం నడిపేవాడెవడైనా ఆపేముందు బకెట్ నేలకి దించుతాడు. అది అలవాటు కాదు, ప్రాణం మీది భయం. పైకెత్తిన బరువు ఏ క్షణాన జారుతుందో తెలీదు. మరి వీడెవడో పని మధ్యలో, ఊపిరి మధ్యలో ఆగిపోయినట్టు ఆపేశాడు. పోనీ కంగారులో ఆపాడే అనుకో. ముసలాయన చచ్చాక యంత్రం మళ్ళీ కదిలించి, బకెట్ దించి, అవతలకి తోలేసుకుంటే పోయేదిగా? ఇక్కడ పొక్లెయిన్ ఉన్నట్టే ఎవరికీ తెలిసేది కాదు. మనిషి తల పగలగొట్టిన చెయ్యి ఒక్క మీట కిందికి నొక్కడానికి ఎందుకు జంకింది?

గట్టు మీద ముసలాయన టోపీ. పొద్దున ఫోటోలు తీసినవాళ్ళు కదపకుండా వదిలారు. ముదురు నీలం ఉన్ని టోపీ. దెబ్బకి ఎగిరి పడింది కాదు. నీటుగా మడిచి, గాలికి పోకుండా పైన చిన్న రాయి పెట్టారు. ఎస్టెల్ రుమాలుతో ఎత్తి వెలుతురికి పట్టుకుంది. రెండంచుల మీదా తెల్లటి మరకలు.

"సున్నం," అన్నాడు రెనూఫ్ భుజం మీదుగా.

ఆమె వాసన చూసింది. సున్నం కాదు.

డాక్టరు పొద్దున చెప్పిన ముక్క అప్పుడు మళ్ళీ తలకెక్కింది: రెండు మోకాళ్ళకీ బురద. దెబ్బ వెనకనుంచి, పైనుంచి. మోకాళ్ళ మీద ఉన్నాడు. టోపీ తీసి ఉన్నాడు. అరిచాడు. తర్వాత ఫ్రెంచిలో పరలోక ప్రార్థన. దువార్తెని పక్కన నిలబెట్టుకున్నాడు.

ఎస్టెల్ తలెత్తి బకెట్ వైపు చూసింది.

హరో!

దీవిలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో పట్టిన సంగతి అది. నీ నేలని ఎవడైనా కళ్ళముందు చెడగొడుతుంటే, కోర్టు తలుపు తట్టే వ్యవధి లేకపోతే, ఇద్దరు సాక్షుల ముందు టోపీ తీసి మోకాళ్ళ మీద కూలబడి మూడుసార్లు అరుస్తావు: హరో! హరో! హరో! ప్రభూ, ఆదుకో, నాకు అన్యాయం జరుగుతోంది! వెంటనే ఫ్రెంచిలో పరలోక ప్రార్థన చెప్తావు. ప్రభువంటే నార్మన్ ప్రభువు, ఎన్నడో మట్టిలో కలిసిపోయినవాడు. అయినా ఆ కేక పడిందంటే ఎదుటివాడి చెయ్యి అక్కడికక్కడే ఆగాలి. పార ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండాలి. కోర్టు తేల్చేదాకా ఆ పని ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడి పేరు దీవిలో పదితరాలు కుళ్ళుతుంది.

ఆ కేకకి ఆగాడు వాడు. ఆగి, దిగి, చంపాడు. చంపాక కూడా బకెట్ ముట్టుకోలేదు. మనిషిని చంపొచ్చు, హరో మాత్రం మీరకూడదు! ఇలాంటి తప్పు మదీరావాడు చెయ్యలేడు. చెయ్యడానికి ఈ దీవిలోనే పుట్టాలి.

"మీరు నా పొలంలోంచి ఎప్పుడు పోతారు?"

వాలు కిందనుంచి ఎమెలీన్ వస్తోంది. ఆంకెటిల్ కూతురు. తలకి గుడ్డ, మోచేతుల దాకా పిండి అంటిన చేతులు. ఏడ్చిన ముఖం కాదు, బిగించిన ముఖం.

"మీ పొలమా?" అంది ఎస్టెల్.

"మా నాన్న పోయాడుగా. మరెవరిది?"

"పొద్దున ఎక్కడున్నారు?"

"పొయ్యి దగ్గర. పొద్దున్నే లేచి క్యాబేజీ ఆకుల్లో రొట్టెలు చుట్టి కాలుస్తున్నా. ఆ పోలీసాయనకి చెప్పా. నేనేమీ వినలేదు, ఏమీ చూడలేదు."

"యంత్రం చప్పుడు కూడా?"

"పొయ్యి చప్పుడు."

"ఆమెని వదులు," అన్నాడు రెనూఫ్. "తండ్రి పోయిన పిల్ల."

అంత జాలి రెనూఫ్ నోట ఎస్టెల్ ఎప్పుడూ వినలేదు. టోపీని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది. గొంతు మామూలుగా మార్చింది.

"సరే. అయిపోయింది నా పని. ఒక్క సాయం చెయ్యండి సెంటెనియర్. ఆ బకెట్ కింద నేల కొలవాలి. నెత్తి మీద అది వేలాడుతుంటే నా వాళ్ళు రారు. మీరు కుర్రతనం నుంచీ ట్రాక్టర్లు తోలినవారు. తాళంచెవి దానికే ఉంది. కాస్త పక్కకి దించెయ్యండి."

"డ్రైవర్ని పిలిపిస్తా."

"ఎందుకు? ఒక్క మీటేగా."

"నా యంత్రం కాదది."

"అద్దెకి తెచ్చింది మీరేగా. ఏం, చేతకాదా?"

రెనూఫ్ మెడ ఎర్రబడింది. రెండంగల్లో పొక్లెయిన్ మెట్టెక్కాడు. తలుపు తీశాడు. చెయ్యి మీట మీదికి పోయింది. అక్కడ, వేళ్ళు మీటకి తగలకముందే, ఆగిపోయింది. కాలే పెనం మీదనుంచి తీసుకున్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది?" అంది ఎస్టెల్ మెల్లగా.

"ఇది... సరి కాదు."

"ఎందుకు సరి కాదు? తెలీనివాడైతే టక్కున దించేసి ఈపాటికి నన్ను నాలుగు తిట్టేవాడు. ఈ నేల మీద హరో పడిందని మీకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. దువార్తెకి ఆ మాటే తెలీదు."

"వాడు ప్రార్థన అన్నాడుగా. ఊహించుకున్నా."

"ప్రార్థన అన్నప్పుడు పకపకా నవ్వారు. చర్చి గడప అన్నారు. ఈ దీవిలో సెంటెనియర్ అయ్యుండి, అరిచాడు, టోపీ తీశాడు, పరలోక ప్రార్థన చేశాడు అని వింటే హరో అని తట్టలేదా? తట్టింది. అందుకే నవ్వారు."

రెనూఫ్ పళ్ళు బయటపెట్టాడు. అది నవ్వు కాదు.

"సరే. అనుకో. ఏం చేస్తావు? నేరం మోపేది ఎవరు? నేను. నా పైవాడు, ఈ పారిష్‌కి పెద్ద అయిన కనెటబుల్, నా మావగారు. హరోకి సాక్షులు ఇద్దరుండాలి, తెలుసా బ్రెటన్ పిల్లా? ఒక్కడైతే అది హరో కాదు, ముసలాడి అరుపు. ఒక్కడున్నాడు, వాడి పెళ్ళాం నా ఇంట్లో పడుకుంటోంది. రెండోవాడేడీ? చూపించు!"

ఎస్టెల్ రుమాలు విప్పింది. టోపీ ఎమెలీన్ ముందుకి చాచింది.

"దువార్తె చేతులు దుంపల బురదలో ఉన్నాయి. వాడు పట్టుకుంటే బురద అంటేది. దీనికి పిండి అంటింది. రెండు చేతులతో, రెండంచులూ పట్టుకున్నారు, చర్చిలో పట్టుకున్నట్టు. మీ నాన్న పిలిచాడు. పొయ్యి దగ్గర్నుంచి ఉన్నపళంగా వచ్చారు. ఆయన టోపీ మీరు పట్టుకున్నారు."

"రొట్టె కోసుకున్నాడు పొద్దున, ఆయనే..." ఎమెలీన్ తన పిండి చేతులు చూసుకుంది.

"ఎమెలీన్," అన్నాడు రెనూఫ్ పైనుంచి. "నువ్వూ నేనూ ఒప్పుకున్నాం. గట్టూ దిబ్బా తియ్యమంది నువ్వే. ఈ రాళ్ళూ దిబ్బలూ నాకొద్దు, అమ్మేసి పోతానంది నువ్వే. నోరు తెరిస్తే ముందు మునిగేది నువ్వు."

"చంపమన్నానా?" అందామె. అంత చిన్న గొంతుతో అంది, ఎస్టెల్‌కి పెదాలు చూస్తేగాని అర్థం కాలేదు.

చర్చి గంట మొదలైంది. పన్నెండు.

"వేళయింది," రెనూఫ్ పొక్లెయిన్ సీట్లో కూర్చున్నాడు. "దువార్తె మీద నేరం మోపుతున్నా. ఇక ఇక్కడ హరో లేదు, ఎప్పుడూ లేదు. కావాలంటే చూడు!" తాళం తిప్పాడు. ఎస్టెల్ ఒక్క అంగలో రక్తం మరక దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంజను గర్జించింది. ఎస్టెల్ నెత్తి మీద బకెట్ ఒక్కసారి ఊగింది, మట్టి ఆమె భుజాల మీద పడింది. ఆమె రక్తం మరక మీదనుంచి కదల్లేదు. కదిలితే సాక్ష్యమంతా ఆ మట్టి కిందే.

ఎమెలీన్ తలగుడ్డ లాగి పారేసింది. బురదలో మోకాళ్ళ మీద కూలబడింది.

"హరో! హరో! హరో! ప్రభూ, ఆదుకో! నాకు అన్యాయం జరుగుతోంది!"

గేటు దగ్గర కారు తలుపు ధడాలుమంది. దువార్తె వాలు మీద పరిగెత్తుకొస్తున్నాడు, వెనక హామన్ కేకలు. దువార్తె ఎవర్నీ చూడలేదు. ఎస్టెల్ పక్కకి వచ్చి నిలబడి, పొద్దున నేర్పినట్టే, టోపీ తీశాడు.

ఇద్దరు సాక్షులు.

ఎమెలీన్ ఫ్రెంచిలో ప్రార్థన అందుకుంది. రెండో వాక్యం దగ్గర ఇంజను ఆగిపోయింది. బకెట్ మళ్ళీ గాల్లోనే ఉంది. అద్దం వెనక రెనూఫ్ తన చేతిని తానే చూసుకుంటున్నాడు, అది వేరెవరిదో అయినట్టు.

"ఆమెన్," అంది ఎమెలీన్. ఏడుస్తూనే తలెత్తింది. "ఇన్‌స్పెక్టర్, పొద్దున కూడా సరిగ్గా ఇంతే. ఇక్కడిదాకా ఆగాడు. నాన్న ఆమెన్ అన్నాడు, దువార్తెని పోయి పని చూసుకోమన్నాడు, నేను టోపీ గట్టు మీద పెట్టి ఇంటివైపు తిరిగా. నాన్న ఇంకా లేవలేదు, మోకాళ్ళ నొప్పి. అప్పుడు ఇతను సీటు వెనకనుంచి గునపం తీసి..."

ఎస్టెల్ పైకి చూసింది.

సీటు వెనకకి చెయ్యి పోనిచ్చి, పొక్లెయిన్ తలుపు తెరుస్తున్నాడు రెనూఫ్.